పెన్సిల్ త్రికోణం

అమగాసాకి స్టేషన్ ఎదురుగా, చేపల కొట్టు పక్కన
మా ఆఫీసు. కిటికీ అద్దం నిండా
అద్దె గదుల కాగితాలు.
దక్షిణపు ఎండ, నడిస్తే ఏడు నిమిషాలు, పిల్లుల్ని పెంచరాదు.
వానాకాలంలో వాటి అంచులు
పిల్లి చెవుల్లాగే ముడుచుకుంటాయి.

ఆ కాగితాల నకళ్లు నా సొరుగులో ఉంటాయి.
పైన, కుడి మూల,
పెన్సిల్‌తో చిన్న త్రికోణం.
కువబారా గారు మొదటి రోజే నేర్పారు:
"పెన్నుతో వద్దు. ఎవరైనా అడిగితే చెరిపేయాలి కదా."
త్రికోణం ఉంటే పైదేశం వాళ్లకు లేదు.
దాని కింద గీత కూడా ఉంటే
ఒంటరి ముసలివాళ్లకూ లేదు.
ఏ పుస్తకంలోనూ రాయని చట్టం,
అగ్గిపుల్ల తలంత.

పదకొండేళ్లు.
"అయ్యో, ఆ గది నిన్ననే వెళ్లిపోయిందండీ."
అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు.
నాది అతికేది. నడుం వంచి మరీ అతికించేదాన్ని.
బ్రెజిల్ వెల్డరుకి, నేపాల్ వంటవాడికి,
కొరియా ఇంటిపేరుతో ఇక్కడే పుట్టిన ఆ లెక్కల మాస్టారుకి.
ఆయన యాసా నా యాసా ఒకటే.
చెబుతుంటే నాలుక తడబడింది నాకు.
ఆయన తడబడలేదు.
అలవాటున్న మనిషిలా గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

ఇంటి ఓనర్లకు ఫోన్ చేస్తే నా మొదటి మాట
జీతం గురించి కాదు, పేరు కూడా కాదు.
"విదేశీయులైనా ఫరవాలేదా?"
ఎవరో పోయారని చెబుతున్నట్టు గొంతు తగ్గించి.
వద్దనే ముందే వాళ్లకు
వద్దనడం నేనే అందించేదాన్ని.
ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

యమిన్ జూన్‌లో వచ్చింది.
బర్మా పిల్ల. వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ,
మా అమ్మానాన్నల్ని ఒత్తిగిలించి పడుకోబెట్టే చేతులు.
మా లిపి మా అద్దం మీదే నేర్చుకుందట,
బస్సు కోసం నిలబడి నిలబడి:
ఎండ, మూడో అంతస్తు, నీళ్ల ఖర్చు వేరు.
నేను సొరుగు తీశాను. తనూ వంగి చూసింది.
"ఈ అక్షరం నాకు రాదు," అంది
త్రికోణం మీద వేలు పెట్టి. "ఎలా పలకాలి?"

వెటకారం కాదు.
నోటుబుక్కు తెరిచి పట్టుకుంది, రాసుకోడానికి.
పక్క కొట్టువాడు ఐసు పగలగొడుతున్నాడు.
"అది అక్షరం కాదమ్మా," అన్నాను. "మేం చేసే తప్పు."
పుస్తకంలో ఏం రాసుకుందో
చూసే ధైర్యం లేకపోయింది.

నిషివాకి గారికి ఫోన్ చేశాను.
పని ఇది, జీతం ఇంత, ఎప్పుడు చూపించమంటారు?
ఆ ప్రశ్న లేకుండా వాక్యం పన్ను ఊడినట్టు బోసిగా ఉంది.
అవతల చాలాసేపు చప్పుడు లేదు.
"పగలు నిద్రపోతుందా? కింద మా ఆవిడ మిషన్ కుడుతుంది.
పడుకోగలదేమో కనుక్కో."

అందరూ అలా అనలేదు.
ముగ్గురు ఠక్కున పెట్టేశారు.
ఒకాయన తన ఎనిమిది గదుల కాగితాలు
ఎదుటి వీధి ఆఫీసుకి పట్టుకుపోయాడు.
కువబారా గారు ఆ నెల కమీషన్ లెక్క రెండుసార్లు వేసి
నా వైపు చూడకుండా టీ కలుపుకున్నారు.

త్రికోణాలన్నీ చెరిపాను. పెన్సిలే కదా.
కానీ కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే
గాడి ఇంకా కనిపిస్తుంది.

మొన్న పాత రిజిస్టరు దులిపి
ఆ లెక్కల మాస్టారు నంబరు వెతికి పట్టాను.
రెండుసార్లు మోగింది. ఎత్తలేదు.
మళ్లీ చేస్తాను.
గది ఖాళీగా ఉందని చెప్పడానికి కాదు.
ఆ రోజు కూడా
ఖాళీగానే ఉందని చెప్పడానికి.